పూడికలో దొరికిన రేజరు

కోడుమూరు,
12 ఏప్రిల్ 2024.

తమ్ముడు మహేశ్వరకు,

నువ్వూ శివజ్యోతీ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ ఎండ పొద్దున తొమ్మిదికే మాడు పగలగొడుతోంది. ఈ కాలంలో ఉత్తరమేంటక్కా అని నవ్వకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. మనిషి ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే వినపడుతుంది కానీ ఫోనులో గుయ్యిమనడం తప్ప ఏమీ తెలియదు. వాట్సాప్ అంటావేమో, ఆ ఫోను మీ బావ జేబులో ఉంటుంది. ఇప్పుడు రాయబోయే సంగతి మీ బావకు కూడా ఇంకా చెప్పలేదు.

మా ఇంటి వెనక పూడ్చేసిన బాయి ఉంది కదా. ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాయని ఆ పూడిక తీయిద్దామన్నాడు మీ బావ. మా మామగారికి ఇష్టం లేదు. "ఉప్పునీళ్లురా అవి, గొడ్లు గూడ మూతి పెట్టవు" అని రోజూ ఒకటే గొడవ. ఆయన అహోబిలం పోయిన రోజు చూసుకుని క్రేను తెప్పించారు. ఆయన తిరిగొచ్చే పూటకు సరిగ్గా బకెట్టులో మట్టితో పాటు ఎముకలు, పెద్ద పెద్ద బొక్కలు, పైకొచ్చాయి.

మామ చెప్పులు కూడా విడవకుండా నేరుగా బాయి దగ్గరికొచ్చాడు. "దూడ పడి సచ్చింది ఆ కాలంలో" అన్నాడు. డెబ్బై ఏడేళ్ల మనిషి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా గోనెసంచిలో తానే ఏరుకుని, తానే భుజాన వేసుకుని వంక వైపు పోయాడు. క్రేనును పంపించేశాడు. నేను అప్పటికే కూలీలకు మజ్జిగ పోస్తూ అక్కడే ఉన్నాను. దవడ చూశాను మహేశా. దూడకు మనిషి పళ్లుంటాయా?

మామ అటు పోయాక ఆ మట్టిలోనే గడ్డం గీసుకునే రేజరు ఒకటి నా కంటపడింది. కొంగులో చుట్టి లోపలికి తెచ్చి చింతపండుతో తోమాను. ఇనుమో ఇత్తడో, పిడి లావుగా, బరువుగా ఉంది. కింద మర తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకుంటాయి. అది ఏ కాలందో నాకు తెలియాలి. నువ్వు పదేళ్లుగా పాత రేజర్లు పోగేసుకుని మా మరదలి ప్రాణం తీస్తున్నావు కదా, ఇప్పుడైనా పనికొస్తావని రాస్తున్నాను.

ఎందుకో చెబుతాను. మామకు సుబ్బయ్య అని అన్న ఉండేవాడు. డెబ్బై ఒకటిలో ఉగాది వెళ్లాక ఇల్లు విడిచి సన్నాసుల్లో కలిసిపోయాడని అంటారు. ఆయన భార్యే మా పెద్దత్త మద్దమ్మ. చనిపోయాడని కబురు లేదు కాబట్టి ఈ రోజుకూ నుదుటన రూపాయి బిళ్లంత కుంకుమ పెడుతుంది. బొక్కలు వచ్చిన రోజు నుంచి అన్నం సరిగా తినడం లేదు. నిన్న నా చేయి పట్టుకుని, "హేమా, అది ఆయనేనా? నాకు తెలిసేటట్ల చెయ్. ఇంగ నాకు ఉండాల్సింది ఆ ఒక్కటే" అంది.

వెంటనే జవాబు రాయి. కవరు మీద నా పేరే రాయి, మీ బావది రాయకు.

మీ అక్క,
హేమావతి


రాజంపేట,
17 ఏప్రిల్.

అక్కా,

చింతపండుతో తోమావా! నీకు దణ్ణం పెడతాను, ఇంక దాన్ని ముట్టుకోకు. పైన ఉండే నికెల్ పూత ఎంత మిగిలిందో చూసి కూడా కాలం చెబుతామే తల్లీ. నువ్వు బిందెలు తోమినట్టు తోమేశావు.

ముందు నాకు తెలిసింది చెబుతాను, ఓపికగా చదువు. పాత రేజర్లలో మూడు రకాలు ఎక్కువ. విప్పితే మూడు ముక్కలయ్యేవి, రెండు ముక్కలయ్యేవి, నువ్వు చెప్పినట్టు మర తిప్పితే రెక్కలు తెరుచుకునేవి. మూడో రకం చాలా ఏళ్లు చేశారు. అందులో మళ్లీ పిడి మీద గళ్లు ఎలా ఉన్నాయి, పిడి పొడవెంత, రెక్కల చివర గుండ్రమా పలకా, ఇవన్నీ చూడాలి. ఒక కంపెనీ అయితే తల అడుగున, బ్లేడు కూర్చునే పళ్లెం కింద, చిన్న ముద్ర వేసేది. అందులో అక్షరం ఏడాదికి, అంకె ఆ ఏడాదిలో ఏ మూడు నెలలకో. అది కనపడితే నేను కళ్లు మూసుకుని చెబుతాను.

ఊరికే నీ మాట మీద చెప్పమంటే, అరవైల్లోది అనిపిస్తోంది. పిడి లావుగా ఉందన్నావు కదా. అంటే సుబ్బయ్య పోయిన నాటికంటే ముందుదే. అయినా అక్కా, రేజరు పాతదైనంత మాత్రాన అది ఆయనదే అని లేదు, నువ్వు లేనిపోనివి ఊహించుకోకు. లక్ష్మన్న మామ ఎంత నెమ్మదస్తుడు! నా పెళ్లిలో భోజనాల దగ్గర అందరినీ పేరుపేరునా పలకరించిన మనిషి. ఆయన్నే అడిగితే పోదా?

ఒకవేళ ఎవరిదీ కాకపోతే మాత్రం నాకే ఇవ్వాలి, ముందే చెబుతున్నా.

నీ తమ్ముడు,
ఉమామహేశ్వర


కోడుమూరు,
22 ఏప్రిల్.

మహేశా,

నీ ఉత్తరం చదివి నీ మీద నాకు మండిపోయింది. ఇంట్లో ముసలామె ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే నీకు నికెల్ పూత కావాలా? మామను అడగమంటావు. నీ పెళ్లిలో ఆయన పలకరింపులు చూశావు, నేను ముప్ఫై ఏళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఆయన గొంతు పెంచింది నేనెప్పుడూ చూడలేదు, అయినా ఆయన వస్తుంటే గాటి దగ్గర గొడ్లు కూడా పక్కకు జరుగుతాయి.

ఇప్పుడు బాయి పక్కన నులకమంచం వేయించుకున్నాడు. పగలంతా అక్కడే. కూలీల్లో లేవి అనే అతను మరిచిపోయిన తువ్వాలు కోసమని వచ్చాడు. మామ లేచి ఎదురుపోయి, "తువ్వాలు ల్యా, ఏమీ ల్యా. ఈ పక్కకు మళ్లా రావద్దప్పా" అన్నాడు. ఆ అబ్బి పోతూ పోతూ వంటింటి కిటికీ దగ్గర నిలబడి నాకు వినపడేలా, "అమ్మా, అది దూడ గాదు. మీరు జాగర్త" అని చెప్పిపోయాడు.

ముద్ర కోసం వెతికాను. ఏదో ఉంది కానీ నా కళ్లకు ఆనడం లేదు. అందుకని వస్తువునే పంపిస్తున్నాను. బిస్కెట్ల డబ్బాలో గుడ్డలు కుక్కి స్పీడు పోస్టులో వేశాను. పోస్టాఫీసులో ఏముందమ్మా అంటే అల్లం మురబ్బా అన్నాను.

పెద్దత్తకు నీ మొదటి లెక్క, అదే అరవైలది అన్నావే, ఆ మాట చెప్పలేదు. చెబితే ఆ పూటే కుంకుమ తుడిచేస్తుంది. నువ్వు ఖాయంగా చూసి చెప్పు. "అనిపిస్తోంది" అని మాత్రం రాయకు.

హేమావతి


రాజంపేట,
29 ఏప్రిల్.

అక్కా, అక్కా,

శుభవార్త! కూర్చుని చదువు.

డబ్బా చేరింది. దీపం కింద పెట్టి భూతద్దంతో చూశాను. నేను అరవైలది అనుకోవడం తప్పు. పిడి లావుగా ఉందన్నది నువ్వు, పట్టుకుని చూస్తే అంత లావేం లేదు. కింది మర మీద ఎక్కడో రాయి తగిలినట్టు చిన్న సొట్ట ఉంది. నీ చింతపండు పుణ్యమా అని ముద్ర మాత్రం మెరిసిపోతోంది. ఇంగ్లండులో చేసింది. డెబ్బై మూడో సంవత్సరం, మొదటి మూడు నెలలు. నా దగ్గర ఇదే రకానివి ఇంకా కొన్ని ఉన్నాయి, వాటి పక్కన పెట్టి ముద్రతో ముద్ర, గళ్లతో గళ్లు పోల్చాను. అనుమానమే లేదు.

ఇక నువ్వే ఆలోచించు. సుబ్బయ్య ఇల్లు విడిచింది డెబ్బై ఒకటిలో. అప్పటికి ఈ రేజరు ఇంకా పుట్టనే లేదు! పుట్టని రేజరు జేబులో పెట్టుకుని ఎవరైనా బాయిలో పడతారా? ఆ బొక్కలు ఎవరివో పాపం, ఏ దారినపోయే మనిషో. ఆయనవి మాత్రం కావు. పెద్దత్తకు ఈ మాట చెప్పు, కడుపు నిండా అన్నం తినమను.

శివజ్యోతి నిన్ను మామిడికాయలకు రమ్మంటోంది. ఈసారి కాపు బాగుంది.

నీ తమ్ముడు,
ఉమామహేశ్వర


కోడుమూరు,
4 మే.

మహేశా,

నీ నోట్లో చక్కెర పోయ. నువ్వు తినాల్సినన్ని తిట్లు తిన్నావు కాబట్టి ఇప్పుడు పొగుడుతున్నాను.

నీ ఉత్తరం రాగానే పెద్దత్తను పెరట్లోకి పిలిచి చెవిలో చెప్పాను. చెవిలో అనే నేననుకున్నాను. నా గొంతు నాకు తెలియదు కదా. చెప్పడం అయ్యాక తలెత్తి చూస్తే మీ బావ మెట్ల మీద నిలబడి ఉన్నాడు, మామ మంచం మీద లేచి కూర్చున్నాడు, గోడ అవతల హులిగెమ్మ చేట పట్టుకుని మా వైపే చూస్తోంది. ఊరంతటికీ చాటింపు వేసినట్టున్నాను.

పెద్దత్త మాత్రం ఎంత సంతోషపడిందో! చిన్నపిల్లలా ఏడ్చింది. "ఆయన పోయేతప్పుడు గడ్డం ఇంత ఉండె. నేను కడుపుతో ఉండానని గీసుకోకపాయె. ఇంగ రేజరు యాడిది ఆయనకు? నాకు అప్పుడే తట్టలేదు సూడు" అంటుంది. ఆ కడుపు నిలవలేదు, ఆ బిడ్డ కోసం కూడా కాసేపు ఏడ్చింది. తర్వాత నన్ను వెంటబెట్టుకుని సంతకు పోయి గాజులు వేయించుకొచ్చింది. నడుస్తూ నడుస్తూ ఏవో పాత సంగతులు. ఆయన పోయినాక కూడా నాలుగేండ్లు ఆ బాయి నీళ్లే చేదిందట. ఒక ఎండాకాలం పత్తికొండ దగ్గర వాళ్ల పుట్టింటికి పోయి వచ్చేసరికి బాయి పూడ్చేసి ఉందట. "నీళ్లు చెడిపోయినాయంట. మళ్ల నాకు బోరింగు కాడికి పోయేకి ఎంత కష్టమాయెనో" అని ఆ కష్టం ఇప్పటికీ తలుచుకుంటుంది.

మామ నన్ను పిలిచి, "రేజరా? ఏం రేజరు? నాకు చెప్పలేదేమ్మా" అన్నాడు. కోప్పడలేదు. మట్టిలో దొరికితే మా తమ్ముడికి పంపానన్నాను. "మీ తమ్మునికి శానా తెలుసునే. ఒకసారి పోయి సూసొస్తా, రాజంపేటలో నాకు పని గూడ ఉండాది" అన్నాడు. గురువారం బస్సుకు బయలుదేరుతున్నాడు. ఎప్పుడూ లేనిది మన ఇంటికొస్తున్నాడు, మర్యాదగా చూసుకో. కారం తగ్గించి వండమను.

మీ అక్క,
హేమావతి


రాజంపేట,
10 మే.

అక్కా,

ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువు. చదివాక పెట్టె సర్దుకుని వచ్చేయ్. పెద్దత్తను కూడా తీసుకురా.

నేను తప్పు చెప్పాను. రేజరు కాలం తప్పు కాదు, దాన్నుంచి నేను తీసిన మాట తప్పు. నీ ఉత్తరంలో పెద్దత్త నాలుగేళ్లు ఆ బాయి నీళ్లు చేదిందని చదివాక మళ్లీ లెక్క వేశాను. బాయి పూడ్చింది డెబ్బై ఐదులో. డెబ్బై ఒకటిలో పోయిన మనిషి డెబ్బై మూడులో చేసిన రేజరుతో పూడిక కింద ఉండడానికి ఒకే దారి ఉంది. ఆయన తిరిగొచ్చాడు.

ఇంకొకటి నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. ఈ రకం రేజర్లు నాకు దొరికినవన్నీ ఈ చుట్టుపక్కల కువైటు పోయొచ్చిన వాళ్ల పాత పెట్టెల్లోవే. ఆ రోజుల్లో ఇక్కడి అంగళ్లలో ఇవి నేను విన్నంతలో అమ్మలేదు. సుబ్బయ్య సన్నాసుల్లో కలవలేదక్కా. సముద్రం దాటి పోయి సంపాదించుకుని ఇంటికొచ్చాడు. ఆయన భాగం చేను కూడా లక్ష్మన్న మామ పేరునే ఉందని నీకు తెలుసు.

నిన్న మామ వచ్చాడు. మజ్జిగ తాగి, శివజ్యోతిని పిల్లాజెల్లా అడిగి, నెమ్మదిగా "ఏమప్పా, నీ కత్తులు సూపీ" అన్నాడు. భయపడి ఆ రేజరును నేను ముందే తట్టలో మిగతా వాటితో కలిపేశాను. ఇరవైకి పైనే ఉన్నాయి. నువ్వు తోమినట్టే నేనూ కొన్ని తోమి పెట్టాను, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ముద్ర చూడకుండా నేనైనా తడబడతాను. ముసలాయన ఎలా పోలుస్తాడులే అనుకున్నాను.

ఆయన కళ్లతో చూడనే లేదు. ఒక్కొక్కటే తీసి, కింది మర మీద బొటనవేలు పెట్టి తడిమి, పక్కన పెట్టాడు. ఒకటి, ఇంకొకటి. ఆ సొట్ట దగ్గర వేలు ఆగింది. దాన్ని పిడికిట్లో పెట్టుకుని జేబులో వేసుకున్నాడు. మట్టిలోంచి వచ్చాక ఆయన దాన్ని ఒక్కసారైనా చూడలేదని నువ్వే రాశావు. మరి ఆ వేలికి ఆ సొట్ట ఎలా తెలుసక్కా?

నేను ఆపలేకపోయాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాకిట్లో చెప్పులేసుకుంటూ, "మీయక్కకు చెవులు వినపడవు గానీ కండ్లు బాగ కనపడతాయి. ఒక్కతే బాయి కాడికి పోతాంటాది. వద్దని చెప్పప్పా" అన్నాడు. అని నవ్వాడు. శివజ్యోతి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నేను పోలీసులకు చెబుదామంటే చూపించడానికి నా దగ్గర రేజరు లేదు. ఆయన తిరిగి రాకముందే ఈ ఉత్తరం నీకు చేరాలని మొక్కుకుంటున్నాను. వచ్చేయక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను.

మహేశ్వర


కోడుమూరు,
16 మే.

తమ్ముడూ,

ఇది రాస్తుంటే మా వాకిట్లో పోలీసు జీపు నిలబడి ఉంది. కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. అప్పటికే మామ ఊరి నుంచి వచ్చేసి మళ్లీ ఆ మంచం మీద కూర్చున్నాడు. నా గొంతు మీద నాకు నమ్మకం పోయింది కాబట్టి పెద్దత్తను చేను గట్టుకు తీసుకుపోయి అక్కడ చదివి వినిపించాను. పారిపోదాం రా అన్నాను. ఆమె ఏడవలేదు. "కువైటంటే యాడ?" అంది. సముద్రం అవతల అన్నాను. "అంత దూరం నుంచి వచ్చినాడా?" అంది. ఇంకా కాసేపటికి, "నన్ను ఇడిసిపెట్టి పాయెనని యాభై ఏండ్లు ఆయన్ను తిట్టుకుంటి హేమా. మనిషి వచ్చినాడంట సూడు" అని నా ఒడిలో తల పెట్టింది. నేనే ఏడ్చాను, ఆపుకోలేక ఏడ్చాను.

పారిపోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. మీ బావకు చెప్పమంది. చెప్పాను. నీ ఉత్తరం చేతికిచ్చాను. ఆయన చదివి, మడిచి నాకే ఇచ్చి, ఆ రాత్రి అన్నం దగ్గరికి రాలేదు. పొద్దున పెద్దత్త ఏం చేయమంటే అది చేశాడు. మంగలి బొజ్జన్నను పిలుచుకొచ్చాడు, కర్మలు చేయించే సామిని పిలుచుకొచ్చాడు. కన్న తండ్రి ముందు నిలబడి ఒక్క మాట అనలేకపోయాడు కానీ, ఆ ఇద్దరినీ మాత్రం తీసుకొచ్చాడు.

మామ వీధి అరుగు మీద పెద్దమనుషులతో కూర్చుని ఉన్నాడు. పెద్దత్త నుదురు కడుక్కుని బయటికొచ్చింది. సంతలో వేయించుకున్న గాజులు తీసేసింది. ఆ నుదురు అంత బోసిగా నేనెప్పుడూ చూడలేదు. వీధి వీధంతా నిలబడిపోయింది. ఆమె మామ ఎదురుగా పోయి, నాకు కూడా వినపడేంత గట్టిగా, "లక్ష్మన్నా, మీయన్న సచ్చిపోయినాడు. కొడుకు లేడు. కర్మ చేయాల్సినోడివి నువ్వే. వచ్చి గొరిగించుకో" అంది.

నీకెవరు చెప్పినారు అని ఆయన అడగలేదు. ఎప్పుడు, యాడ అని అడగలేదు. పక్కనున్న పెద్దమనుషులే "ఏమైందమ్మా, కబురొచ్చిందా" అని అడుగుతుంటే, ఆయన కండువా తీసి అరుగు మీద పెట్టి బొజ్జన్న ముందు కూర్చున్నాడు. వద్దంటే ఎందుకు వద్దంటున్నావని అడుగుతారు. అన్నకు తమ్ముడు గుండు చేయించుకోనంటే ఈ ఊళ్లో ఎవరూ ఊరుకోరు. అందుకే కూర్చున్నాడని నేననుకున్నాను.

సామి చాప మీద దర్భలు పరుచుకుంటూ, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు. తిథి ఏది? పెద్దత్త తెలియదంది. "తెలియకపోతే మహాలయ అమావాస్యకు పెట్టుకుందాంలే తల్లీ, తిథి తెలియనివాళ్లందరికీ ఆ రోజే" అన్నాడాయన.

మామ తలెత్తాడు. సగం తల గొరిగి ఉంది. బొజ్జన్న కత్తి వెనక్కి తీసుకున్నాడు.

"అమాసకు వద్దు సామీ. తప్పు తిథికి పెడితే మాయన్నకు అందదు" అన్నాడు. "రాక్షస నామ సంవత్సరం. వైశాఖ బహుళ ద్వాదశి."

ఈ మాటలు నాకు సరిగా వినపడలేదు, తర్వాత మీ బావతో రెండుసార్లు చెప్పించుకున్నాను. రాక్షస అంటే డెబ్బై ఐదేనట, బాయి పూడ్చిన ఏడు. కానీ అరుగు మీద పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచి ఆయనకు దూరంగా జరగడం నేను చూశాను. సామి చేతిలో దర్భలు అలాగే ఉన్నాయి. మామ తాను ఏమన్నాడో తెలిసి కూడా, సామి మళ్లీ తప్పు పెడతాడేమోనన్నట్టు, "ద్వాదశే" అన్నాడట ఇంకోసారి.

పెద్దత్త కదల్లేదు. ఆయన ముఖంలోకి వంగి, "పొద్దున్నా, మాపా?" అని అడిగింది.

"పొద్దున" అన్నాడు మామ. "బాయి గట్టున గడ్డం గీసుకుంటాండె. మీ ఊరికి పోయి నిన్ను పిలుచుకొచ్చేకి."

ఇంక రాయలేను మహేశా. పెద్దత్త పక్కన కూర్చోవాలి.

అక్క